ఎనిమిది తిరగని బండి

పాత కారుకు పెద్ద చక్రాలు వేయించుకుంటే ఎలా ఉంటుంది సార్ అని అడిగే కుర్రవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. నేను డ్రైవింగ్ నేర్పడం మానేసి చాలాకాలమైంది. అయినా ఆ ప్రశ్న వినగానే ఎక్కడ లేని హుషారూ వస్తుంది. జవాబు రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు. చెప్పను. ముందు కూర్చోబెట్టి టీ తెప్పిస్తాను. ఆ రెండు ముక్కలు తెలుసుకోవడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మధ్య మేము పడ్డ పరుగులు వినకుండా పోతే వాళ్లకే నష్టం.

ఎనభైల చివరి రోజులు. గద్వాలలో కోటకు వెళ్లే దారిలో ఒక డ్రైవింగ్ స్కూలు ఉండేది. స్కూలంటే ఒక రేకుల షెడ్డు, ఒక బోర్డు, ఒక కారు, నేను. యజమాని అంతకుముందు కిరోసిన్ దుకాణం నడిపినవాడు. ఊరంతా సేటు అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మనిషి మంచివాడే, కానీ ఏదైనా ఆలోచన తలకెక్కిందంటే దాన్ని దించడం ఎవరి తరమూ కాదు.

ఇక ఆ కారు! యాభైలలో తయారైన లాండ్‌మాస్టర్. పిస్తా రంగు, గుండ్రటి ముఖం, బుగ్గలు ఉబ్బించి నవ్వుతున్నట్టుండే మడ్‌గార్డులు. ఎవరో పాత దొరల ఇంట్లో పుట్టి పెరిగి, చేతులు మారి మారి మా షెడ్డుకు చేరింది. నేర్చుకునేవాళ్ల కోసం నా కాలి దగ్గర ఇంకో బ్రేకు పెడల్ పెట్టించాం. పొద్దున పాఠాలు, ఎండెక్కాక కిరాయిలు. పెళ్లివాళ్లు, దవాఖానకు పోయే గర్భిణులు, చీరల మూటలు, ఒక్కోసారి మేకపిల్లలు కూడా. ఇప్పుడు అలాంటి బండిని గుడ్డ కప్పి దాచుకుంటున్నారట. మాది మాత్రం ఒక్కరోజు తిరగకపోతే మా ఇద్దరి ఇళ్లలో పొయ్యి వెలగని బండి.

ఒక పొద్దున షెడ్డు ముందు ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. ఒకామెకు ముప్పై దాటి ఉంటాయి. రెండో ఆమె పెద్దది, నోటి నిండా ఆకువక్క.

"కిరాయికా అమ్మా?" అన్నాను.

"కిరాయికి గాదు. నేర్సుకొనీకె వచ్చిన," అంది చిన్నామె.

వాళ్ల వెనక ఎవరైనా మగవాళ్లు వస్తున్నారేమోనని అటు చూశాను.

"ఎటు సూస్తున్నవ్?" అంది పెద్దామె. "నేర్సుకునేది నా కోడలే. నేను కావలి."

వాళ్లది నేతగాళ్ల ఇల్లు. వాళ్ల వాడలోని వాళ్లంతా కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకుని, చీరలు కర్నూలుకు చేర్చడానికి, వచ్చేటప్పుడు నూలు తెచ్చుకోవడానికి ఒక పాత వ్యాను కొన్నారు. పెట్టుకున్న డ్రైవరు లారీ పని దొరికి వెళ్లిపోయాడు. వ్యాను ఎండలో ఎండుతోంది. ఈమె భర్తకు మోకాలు వాచి మగ్గం తొక్కలేని పరిస్థితి, ఇల్లు గడవడం కష్టమైంది. సంఘం కూర్చున్న రోజున ఈమె లేచి "వ్యాను నేను నడుపుత" అంది. నవ్వినవాళ్లు నవ్వారు. సంఘం పెద్ద మాత్రం నవ్వలేదట. "వచ్చే క్యాంపుల లైసెన్సు తెచ్చుకో, తాళం చెవి నీ చేతుల పెడ్త. లేకుంటె వ్యాను అమ్ముడే," అన్నాడు.

క్యాంపంటే బ్రేకు ఇన్‌స్పెక్టరు వనపర్తికి వచ్చి పరీక్ష పెట్టే రోజు. అది ఎంతో దూరంలో లేదు. మళ్లీ ఎప్పుడు పెడతారో చెప్పేవాళ్లు లేరు.

మొదటిరోజు పాఠం నాకు ఇవాళ్టికీ కళ్లకు కట్టినట్టుంది. కొత్తవాళ్లు క్లచ్చు వదలగానే బండి కప్పలా ఎగిరి ఆగిపోవాలి. అది లెక్క. ఈమె క్లచ్చు వదులుతుంటే బండి కదిలిందా లేదా అని నేను కిటికీలోంచి నేలను చూసుకోవలసి వచ్చింది. అంత మెత్తగా!

"అక్కా, ఇదివరకు నడిపినవా?" అన్నాను.

"యాడ నడుపుత తమ్మీ? మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసుంటే పొద్దుందాక తొక్కుడే గద. ఒక కాలు దిగుతుంటె ఒక కాలు లేవాలె. గిదీ గంతే ఉంది."

నాకు ఆనందం ఆగలేదు. ఇన్నేళ్లూ నేను నోరు నొప్పి పుట్టేలా చెప్పింది ఈమె కాళ్లకు ముందే వచ్చు! వెనక సీట్లో అత్తగారు కూర్చుని కావలి మొదలుపెట్టింది. "కుడిదిక్కు బర్రె ఉంది... గా సైకిలోడు మంచోడు గాదు, జర ఆగు..." నేను ఆమెను అవ్వ అని పిలవడం మొదలుపెట్టాను. నాకు జీతం లేని సహాయకురాలు దొరికినట్టయింది.

పరీక్షలో అసలు గండం ఎనిమిది. మైదానంలో సున్నంతో ఎనిమిది అంకె గీసి, చుట్టూ కట్టెలు పాతుతారు. బండిని ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి ఆ గీతల మధ్య తిప్పాలి. కట్టె పడితే ఇంటికే. మగవాళ్లకు సైతం ఆ వెనక్కి తిప్పడం దగ్గరే చెమటలు పట్టేవి. మా ఊరి మైదానంలో నేను అలాగే గీసిన గీతల మధ్య ఈమె కొద్దిరోజుల్లోనే ఎనిమిది మీద ఎనిమిది తిప్పేసింది. అద్దం చూడటం, మెడ తిప్పడం, చేతులు కాళ్లు కలిసి పనిచేయడం, అంతా ముచ్చటేసేది. చూడటానికి జనం కూడా చేరేవాళ్లు. క్యాంపు రేపే పెట్టినా సరే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే టైర్లు మాకు చుక్కలు చూపించాయి.

ఒక మధ్యాహ్నం పాన్‌గల్ కిరాయికి పోయి వస్తుంటే వెనక టైరు మీద అతికించిన రబ్బరు ఊడి, టపటపమని మడ్‌గార్డును కొట్టడం మొదలుపెట్టింది. పాత టైరుకు పైన కొత్త రబ్బరు వేయించిన రకం అది. బండి ఆపేలోపు ఎడ్లబండ్ల గాడి మధ్యలోని రాయి ఒకటి సైలెన్సర్‌ను గీకేసింది. రిమ్ముల అంచులు కూడా అప్పటికే రాళ్లకు తగిలి వంకర్లు పోయి ఉన్నాయి. ఆ కారుకు పుట్టుకతో వచ్చిన టైరు సైజు ఐదు యాభై, పదిహేను. అంటే టైరు వెడల్పు ఐదున్నర అంగుళాలు, రిమ్ము పదిహేను అంగుళాలు. ఆ సైజు అప్పటికే దుకాణాల్లోంచి మాయమైంది. కర్నూలులో అడిగితే "ఇంకా ఆ బండి ఉందా!" అని ఎదురు అడిగారు.

బస్టాండు పక్కన పంక్చర్లు వేసే పెద్దాయన మాకు టైర్ల విషయంలో దిక్కు. నేను చాచా అనేవాణ్ణి. టైరు మీద అరచేయి పెట్టి నిమిరి దాని వయసు చెప్పేవాడు. ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే సేటు రాయచూరు పోయి ఒక జత కాదు, రెండు జతల టైర్లు తెచ్చేశాడు. ఏదో పాత అమెరికా కారుకు వేసినవట. ఆరు డెబ్బై, పదిహేను. రిమ్ము సైజు అదే, టైరు మాత్రం మా దానికంటే అంగుళానికి పైగా లావు.

"సూడు సూడు, ఎట్లున్నయో! ఏనుగు కాళ్ల లెక్క!" అన్నాడు సేటు. "ఇగ పాన్‌గల్ రాళ్లు మనల్ని ఏం జేస్తయ్?"

చాచా ఒక టైరును దొర్లించి చూశాడు. "రిమ్ము మీద కూసుంటది సేటు, ఒప్పుకుంట. లోపల తిరగనీకె జాగ ఉందా, సూసినవా?"

"కూసుంటె తిరగదా? ఎక్కియ్, ఎక్కియ్."

నిజం చెప్పాలంటే నా మనసూ ఆ టైర్ల మీదే ఉంది. జాకీ దించగానే బండి లేచి నిలబడిన తీరు చూసి ఇద్దరం చప్పట్లు కొట్టాం. అది అంతా కలిపి ఒక అంగుళం లేచిందేమో. మా కళ్లకు మూరెడు లేచినట్టు కనిపించింది. రాజుగారి గుర్రంలా మడ్‌గార్డుల నిండా నల్లటి రబ్బరు! సేటు పక్కన కూర్చుని బజారంతా ఒక చుట్టు తిప్పించాడు. టీ కొట్టు వాళ్లు లేచి చూశారు. అవసరం లేకపోయినా హారన్ కొట్టాను. దారి తిన్నగా ఉంది కాబట్టి మాకు ఏ చిక్కూ తెలియలేదు.

మర్నాడు పొద్దున అక్క బండెక్కింది. సున్నపు గీతలోకి దిగి స్టీరింగ్ తిప్పింది. గర్... గర్... మని ఎక్కడో రాపిడి. స్టీరింగ్ సగం తిరిగి రాయిలా బిగుసుకుంది. బలమంతా పెట్టి లాగింది. కట్టె పడింది. వెనక్కి పోనిస్తే ఇంకో కట్టె పడింది. కొంచెం ఎత్తుగా ఉన్న చోట బండి దమ్ము చాలక ఆగిపోయింది. అంతకుముందు ఎప్పుడూ ఆగలేదు.

"భయం పెట్టుకున్నట్టున్నవ్ అక్కా. పరీక్ష దగ్గరకొచ్చింది గదా, అందరికీ ఉండేదే," అన్నాను. పెద్ద గురువులా.

తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. అవ్వ కోడలికి దిష్టి తగిలిందని తేల్చి, నిమ్మకాయలు తెచ్చి కారు బంపరుకు కట్టింది. నిమ్మకాయల తర్వాత కూడా కట్టెలు పడుతూనే ఉన్నాయి. చూడటానికి చేరిన జనం ఇప్పుడు నవ్వడానికి చేరుతున్నారు. చివరికి ఒకరోజు అక్క బండి ఆపి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి నా వైపు చూడకుండా అంది:

"ఇడిసిపెడ్త తమ్మీ. నాకు రాదిది. మొదట్ల ఊకె అట్ల కుదిరింది. వ్యాను అమ్ముకోమని మామకు చెప్త." మామ అంటే సంఘం పెద్ద.

"ఇంట్ల మీ బావ మొఖం ఎట్ల సూడాల్నో తెలుస్తలేదు," అని కూడా అంది.

ఇద్దరూ దిగి నడుచుకుంటూ వెళ్లిపోయారు. మొదటిరోజున మెత్తగా క్లచ్చు వదిలిన ఆ కాళ్లు అబద్ధం చెప్పవు. మరి ఏమైంది? ఖాళీ మైదానంలో నేనొక్కణ్ణే స్టీరింగ్ ముందుకు జరిగి కూర్చున్నాను. కళ్లు మూసుకుని ఎనిమిది తిప్పగలనని బడాయి పోయేవాణ్ణి. కళ్లు తెరుచుకునే తిప్పాను. మొదటి మలుపులోనే కట్టె పడింది!

పరుగున దిగి పడిన కట్టెను చూశాను. నా జన్మలో కట్టె పడగొట్టినందుకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. తప్పు ఆమెది కాదు! భయమూ కాదు, దిష్టీ కాదు. బండిది! బండెక్కి నేరుగా చాచా దుకాణానికి పోనిచ్చాను. ఎదురొచ్చిన వాళ్లంతా పెళ్లి కుదిరిందేమో అనుకుని ఉంటారు, అంత నవ్వు ముఖం నాది.

చాచా విని తల ఊపాడు. "నేను అడిగిన్నా లేదా, తిరగనీకె జాగ ఉందా అని? ఆగు, సూపిస్త." కుండలోని నీళ్లతో మట్టి పిసికి, ముందు మడ్‌గార్డుల లోపలి అంచుల వెంట చిన్న చిన్న ముద్దలు అతికించాడు. "ఇగ ఎక్కి పూరా కుడికి తిప్పు. తర్వాత ఎడమకు. ముందుగాల సీట్ల నలుగురిని కూసోబెట్టు, బరువు పడాలె."

టీ కొట్టు వాళ్లను పిలిచి కూర్చోబెట్టాం. తిప్పాను. దిగి చూస్తే మట్టిముద్దలు సగానికి పైగా నలిగి, టైరు గీతలు వాటి మీద అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. ఎక్కడ ఎంత రాస్తోందో, ఎటువైపు ఎక్కువో, అంతా ఆ మట్టి చెప్పేసింది.

"సూడు బేటా. టైరు లావైంది గదా, పక్కకు పెరిగింది, పైకీ పెరిగింది. పక్కకు పెరిగినందుకు రాస్తుంది. పైకి పెరిగినందుకు ఇంజను గుంజలేక ఆగిపోతుంది. నేల మీద ఎక్కువ ఆనుతుంది గనుక స్టీరింగ్ గట్టిపడ్డది. నీ మీటరు గుడ ఇప్పుడు తక్కువ చూపిస్తది, జర చూసుకో."

"మరి పాన్‌గల్ రాళ్లో?"

"గా రాళ్లకు టైరు ఎందుకు? ఎనక స్ప్రింగులున్నయ్ గదా, గా కమాన్ల పట్టీలు ఒంపు పోయి చప్పగైనయ్. లోహార్, అదే కమ్మరోని దగ్గర కాల్చి ఒంపు ఎక్కియ్, బండి ఎనక అదే లేస్తది. టైరు మాత్రం ఐదు తొంభై, పదిహేను. అంబాసిడర్‌ది. మన దానికంటె రవ్వంత పెద్దది, గంతే. దొరుకుతది, తిరుగుతది."

ఐదు తొంభై! ఆ మాట నాకు మంత్రంలా వినిపించింది. కానీ సేటును ఒప్పించడం ఎవరి వల్ల? ఆయన రోజూ పొద్దున వచ్చి ఆ ఏనుగు కాళ్లను తడిగుడ్డతో తుడుస్తున్నాడు. నేను వాదించలేదు. "సేటు, ఇవాళ బండి నువ్వే ఇంటికి తీస్కపో. ఊరు సూస్తది," అన్నాను. ఆయన పొంగిపోయాడు.

సేటు ఇల్లు ఇరుకు సందులో, మలుపు తిరిగాక ఉంటుంది. నేను వెనక నడిచాను. మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పాడు, బిగుసుకుంది. వెనక్కి తీశాడు, అరుగు తగిలింది. ముందుకు పోనిచ్చాడు, గోడ. బండి సందుకు అడ్డంగా, తలుపుకు గడియ వేసినట్టు ఇరుక్కుంది. ఇటు నుంచి జొన్నచొప్ప బండి, అటు నుంచి మేకల మంద. వాడంతా బయటికొచ్చి సలహాలు మొదలుపెట్టింది. కుడికి తిప్పమని ఒకరు, ఎడమకు తిప్పమని ఒకరు, అసలు ఈ బండి ఎందుకు కొన్నావని సేటు భార్య. ఒక మేక బానెట్ ఎక్కి నిలబడింది. చివరికి పదిమంది కలిసి బండి వెనక భాగాన్ని ఎత్తి పక్కకు జరిపారు.

సేటు చెమట తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"చాచా ఏ సైజు అన్నడు?" అన్నాడు.

క్యాంపు ముంచుకొచ్చింది. ఐదు తొంభై కర్నూలులో అప్పుడే అయిపోయింది, వారం పడుతుందన్నారు. అంత వ్యవధి లేదు. అక్క ఇంటికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆమె నమ్మలేదు. నన్ను ఓదార్చనీకె చెప్తున్నవ్ అంది. అవ్వ మాత్రం లేచి నిలబడింది. "నేను చెప్పలేదా, దిష్టి బండికే తగిలిందని!" ఆమె అలా ఎప్పుడూ చెప్పలేదు. నేనూ కాదనలేదు.

ఆ సాయంత్రం బస్సు డ్రైవరొకడు చాచాకు కబురు చెప్పాడు. నాగర్‌కర్నూలులో పాత ఇనుము వ్యాపారి దగ్గర ఒక అంబాసిడర్ పడి ఉందట. ముందు భాగం చెట్టుకు గుద్దుకుని నుజ్జయింది కానీ టైర్లు దాదాపు కొత్తవట. మా రిమ్ములు వంకర్లు పోయాయి కాబట్టి చక్రాలకు చక్రాలే తెచ్చుకోవాలి. మరి దాని బోల్టు రంధ్రాలు మా బండికి సరిపోతాయా? "కొలత రాసుకుని పోయి మోసపోవద్దు, చక్రాన్నే తీస్కపోదాం," అన్నాడు చాచా. తెల్లారి మా స్టెప్నీ చక్రాన్ని మోసుకుంటూ బస్సెక్కాం.

"గిదేంది?" అన్నాడు కండక్టరు.

"చక్రం."

"చక్రమని నాకూ తెల్సు. బస్సుకు ఉన్నయ్ గదా, మళ్ల ఇదెందుకు?"

బస్సంతా నవ్వింది. చక్రం టాపెక్కింది. ఆగిన చోటల్లా నేను కిటికీలోంచి తల పెట్టి పైకి చూసుకుంటూనే ఉన్నాను.

ఆ వ్యాపారి దొడ్డి నిండా తుప్పు. మధ్యలో మూతి పగిలిన అంబాసిడర్. మేమిద్దరం దాని టైర్ల దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాం. పైన అచ్చు స్పష్టంగా ఉంది, ఐదు తొంభై, పదిహేను. చాచా ఒక చక్రం విప్పి నేల మీద పడుకోబెట్టాడు. మా చక్రాన్ని ఇద్దరం పట్టుకుని దాని మీద పెట్టాం. చాచా కొద్దిగా తిప్పాడు. రంధ్రాల మీద రంధ్రాలు వచ్చి కూర్చున్నాయి! రంధ్రంలోంచి చూస్తే అవతల నేల కనిపించింది. చాచాను కావలించుకున్నాను. ఆయన గడ్డం నిండా తుప్పు, నా ముఖం నిండా తుప్పు.

"ఆగు ఆగు, ఇంకా అయిపోలే," అని ఆయన ఒక్కో చక్రాన్ని ఇరుసు మీదే ఉంచి తిప్పి, పక్కన మేకు పట్టుకుని చూశాడు. మేకుకూ రిమ్ము అంచుకూ మధ్య సందు మారకపోతే చక్రం తిన్నగా ఉన్నట్టు. ముందు కుడి చక్రం వంకర తేలింది. డిక్కీలో ఉన్న స్టెప్నీ దాని బదులు పనికొచ్చింది. పల్లికాయ లారీ ఒకటి గద్వాల మిల్లుకు వస్తుంటే బస్తాల మీద చక్రాలు, చక్రాల మీద మేము. దారంతా పల్లికాయ తింటూ, రాజ్యం గెలిచి వస్తున్నట్టు వచ్చాం.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు చెబుతాను తమ్ముళ్లూ. బండి నిలబడినప్పుడు ఎలా ఉందో చూసి టైరు కొనకండి. నిండా మనుషులను ఎక్కించి, స్టీరింగ్ చివరికంటా తిప్పి, అప్పుడు చూసి కొనండి. రోజూ నడిపే బండయితే రేపు దొరికే సైజే కొనండి. మేము దీన్ని ఇంత చుట్టు తిరిగి తెలుసుకున్నాం, మీరు టీ తాగుతూ తెలుసుకుంటున్నారు.

చక్రాలు బిగించి, కమాన్లకు లోహార్ చేత ఒంపు ఎక్కించి, మళ్లీ మట్టిముద్దలు అతికించాం. చివరికంటా తిప్పినా ఒక్క ముద్ద నలగలేదు. క్యాంపుకు ముందురోజు పొద్దున అక్కను బతిమాలి తీసుకొచ్చాను. ఆమె భయంభయంగా స్టీరింగ్ పట్టుకుంది. మొదటి మలుపు తిరిగింది. ఆగి నా వైపు చూసింది.

"తమ్మీ, ఇది నా బండే!" అంది.

ఆ తర్వాత నేను చెప్పవలసిందేమీ లేకపోయింది. ఆమె ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు తిప్పుతూనే ఉంది. అవ్వ వెనక సీట్లోంచి జనానికి చేతులు ఊపుతోంది.

మర్నాడు వనపర్తి. చాచా కూడా మాతో బయల్దేరాడు. బీచుపల్లి వంతెన మీద అక్కే నడిపింది. కింద కృష్ణమ్మ మెరుస్తోంది. మైదానంలో అప్పటికే చాలామంది ఉన్నారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు సన్నగా, పొడుగ్గా, నవ్వు ఎరగనట్టు ఉన్నాడు. మా వంతు రాగానే బండి చుట్టూ నడిచి చక్రాల దగ్గర ఆగాడు.

"ఇది లాండ్‌మాస్టర్ గదా? అంబాసిడర్ చక్రాలెందుకు ఉన్నయి?"

"అది సార్..." అని నేను మొదలుపెట్టాను.

"నిన్ను గాదు. నడిపేది ఎవరు?"

అక్క ముందుకొచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుని నిలబడింది.

"దీని సైజు ఇప్పుడు దొరుకుతలేదు సారు. లావువి ఏసి సూసినం, మడ్‌గార్డుకు రాసినయ్. స్టీరింగ్ తిరగలే, ఎత్తు ఎక్కలే. ఇయి రవ్వంతనే పెద్దవి, యాడా తగలవు. కావాల్నంటె తిప్పి సూపిస్త."

"చూపియ్."

ఆమె ఎక్కి రెండు వైపులా చివరికంటా తిప్పింది. ఇన్‌స్పెక్టరు వంగి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చేయి పెట్టి చూశాడు. చేయి దులుపుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. అప్పుడు వెనక సీటు కనిపించింది ఆయనకు.

"ఈమె ఎవరు? దిగాలె."

"నేను మొదటి దినం సంది గీడనే కూసున్న సారు," అంది అవ్వ. "ఇయ్యాల దిగితె పిల్లకు సీటు ఖాళీగ కనపడ్తది, పరేషాన్ అయితది."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఇన్‌స్పెక్టరు మూతి ఒకవైపు కొద్దిగా వంగింది. "కూసో. నోరు తెరిస్తె మాత్రం ఫెయిల్."

అవ్వ కొంగు తీసి నోటికి అడ్డంగా గట్టిగా పట్టుకుంది.

ఎనిమిది ముందుకు తిరిగింది. ఒక్క కట్టె కదలలేదు. నేను మైదానం అంచున నిలబడి గాలిలో స్టీరింగ్ తిప్పుతున్నానట. చాచా తర్వాత చెప్పాడు. వెనక్కి మొదలుపెట్టింది. నడుమ మలుపు దగ్గర బండి ఆగింది. నా ఊపిరీ ఆగింది. ఆమె మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూసి, అవ్వ తల అడ్డం వస్తుంటే చేత్తో పక్కకు జరగమని సైగ చేసింది. అవ్వ సీట్లో ఒరిగిపోయింది. బండి కదిలింది. గీతల మధ్యనే, నిదానంగా, ఎనిమిది పూర్తయింది!

అక్కడితో అయిపోలేదు. ఇన్‌స్పెక్టరు బండిని రోడ్డెక్కించి, ఎత్తు మధ్యలో ఆపించాడు. వెనకే లారీ వచ్చి ఆగి హారన్ మోగిస్తోంది. లావు టైర్లతో ప్రతిసారీ ఆగిపోయిన పని ఇదే. మేం కింద నుంచి చూస్తున్నాం. బండి ఒక్క జానెడు కూడా వెనక్కి జారలేదు. ఒక కాలు దిగుతుంటే ఒక కాలు లేచింది. లాండ్‌మాస్టర్ ఆ ఎత్తు ఎక్కి కనుమరుగైంది. చాచా నా భుజం మీద ఎంత గట్టిగా కొట్టాడంటే రెండు రోజులు నొప్పి పెట్టింది.

వ్యాను కోసమే ఈ లైసెన్సని అక్క దారిలో చెప్పినట్టుంది, తిరిగొచ్చాక ఇన్‌స్పెక్టరు సంతకం పెడుతూ ఆమెతో ఒక్క మాటే అన్నాడు. "వ్యాను ఇంకా పొడుగుంటది. మలుపుల కాడ జర ముందుగాల చూసుకో."

అవ్వ కొంగు తీసి ఊపిరి పీల్చుకుంది. "ఇగ మాట్లాడొచ్చా సారు?" అంది. ఆ రోజు గద్వాల చేరేదాకా ఆమె ఆగలేదు.

నేతగాళ్ల వాడలో మా కోసం జనం ఎదురుచూస్తున్నారు. అక్క భర్త కర్ర పట్టుకుని అరుగు మీద నిలబడ్డాడు. వ్యానును కడిగి పసుపు కుంకుమ పెట్టి ఉంచారు. సంఘం పెద్ద చేతిలో కొబ్బరికాయ, ఇంకో చేతిలో తాళం చెవి. మాట ప్రకారం తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు. కొట్టడానికి కొబ్బరికాయ ఎత్తాడు.

"ఆగు మామా," అంది అక్క.

ఆమె సీటెక్కలేదు. వ్యాను చుట్టూ నడిచి, ఒక్కో టైరును బొటనవేలితో నొక్కి, వంగి రాసిన సైజులు చూసింది. వెనక టైర్ల దగ్గర లేచి నిలబడింది.

"మామా, ఈ రెండూ జోడి గావు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చీరలు ఏస్కోని కర్నూలుకు దీంతోని పోను. మార్పియ్యాలె."

పెద్దాయన కొబ్బరికాయ అలాగే పట్టుకుని నా వైపు తిరిగాడు. "ఏంది సారూ? నువ్వు చెప్పు. ఇన్ని దినాలు నడిచింది గద? ఏం కాదు గదా?"

నేను రెండు చేతులూ జోడించాను.

"నన్ను అడుగుతవేంది పెద్దాయనా? బండి డ్రైవర్ ఆమె."

ఆయన ఒకసారి ఆమెను, ఒకసారి టైర్లను చూశాడు. కొబ్బరికాయను అవ్వ చేతికిచ్చి, కండువా సర్దుకుని, చాచాను పక్కకు పిలిచాడు.

"ఏ సైజు తేవాల్నో డ్రైవరమ్మనే అడిగి రా," అన్నాడు.